పట్టాభి మెస్‌లో చెత్త దొంగలు

ఊళ్ళో ఉన్న తెలివినంతా ఒకచోట పోగేసి కొలిస్తే, అందులో ముప్పాతిక భాగం తన ఇంట్లోనే తేలుతుందని పట్టాభి నమ్మకం. మిగిలిన పావుభాగం ఊరందరూ సర్దుకోవాలి. పాపం, వాళ్ళకి ఎలా చాలుతుందోనని అప్పుడప్పుడు జాలిపడేవాడు కూడానూ.

ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. పట్టాభి, అతని భార్య సుభద్రమ్మ, ఆవిడ తమ్ముడు గవర్రాజు. బస్టాండు వెనక వీధిలో ముందు గదిలో మెస్సు, వెనక గదిలో కాపురం. వంట సుభద్రమ్మది. ఆవిడ ముద్దపప్పు చేసినా, వంకాయ కూర చేసినా, ఉత్త చారు కాచినా తిన్నవాడు మళ్ళీ రావలసిందే. ఆవిడ బుర్రకి ఇవ్వాల్సింది కూడా దేవుడు పొరపాటున చేతికే ఇచ్చేశాడు మరి.

గవర్రాజు సంగతి ఒక్కటి చెబితే చాలు. ఓసారి గ్యాసు బండి అతను కొత్త సిలిండరు దింపి, "దీని మీద ఓ కన్నేసి ఉంచండి, కాస్త అనుమానంగా ఉంది" అని వెళ్ళాడు. అంతే! గవర్రాజు పీట వేసుకుని సిలిండరు ఎదురుగా కూర్చుని, కుడికన్ను అరచేత్తో మూసుకుని, ఎడమకంటితో దాన్నే చూస్తూ రెండు రోజులు గడిపాడు. "రెండో కన్ను ఎందుకు మూశావురా?" అని పట్టాభి అడిగితే, "ఒక కన్నే వేయమన్నాడు బావా, రెండోది వేస్తే ఎక్కువైపోదూ?" అన్నాడు. పట్టాభి మురిసిపోయి, "మా ఇంట్లో గాలికే తెలివి అంటుకుంటుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఇక ఆ మెస్సులో ఒక పద్ధతి ఉంది. కంచంలో మెతుకు మిగలకూడదు. ఎవరైనా భోజనానికి కూర్చుంటే పట్టాభి నడుం మీద చేతులు పెట్టుకుని వెనక నిలబడేవాడు. "మాస్టారూ, ఆ వంకాయ తొడిమ దగ్గర ఇంకా కాస్త కండ ఉంది చూడండి" అనేవాడు. "బాబూ, కంచం అంచున పప్పు ఎండిపోతోంది" అనేవాడు. తినేవాళ్ళు సిగ్గుపడి కంచం నాకినంత పని చేసేవాళ్ళు. స్టీలు కంచాలు కడిగినట్టే లేచేవి.

అలా రోజులు వెళ్ళిపోతుండగా మునిసిపాలిటీ వాళ్ళు ఒక కాగితం పంచారు. పట్టాభి కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, భార్యనీ బావమరిదినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివాడు. "ఇళ్ళలోనూ హోటళ్ళలోనూ ఆహారపు చెత్తను వేరుచేసి, ప్రతిరోజూ ఉదయం ఆకుపచ్చ డబ్బాలో పెట్టి బండికి తప్పనిసరిగా ఇవ్వవలెను. మూడుసార్లు తప్పిన హోటళ్ళ షట్టరు దించి సీలు వేయబడును."

మెస్సు మూతపడితే ఆ ముగ్గురికీ వేరే పని రాదు. రాదని వాళ్ళకీ తెలుసు. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళ తెలివి సరిగ్గానే పనిచేసింది.

"ఏవండీ, మన దగ్గర ఏమీ మిగలదు కదండీ, రోజూ చెత్త ఎక్కణ్ణుంచి తెస్తాం?" అంది సుభద్రమ్మ బిక్కమొహం వేసుకుని.

"అదేనే మన కొంప ముంచింది. ఇన్నేళ్ళూ ఒద్దికగా బతికాం. ఒక్క గరిటెడు చెత్త వెనకేసుకోలేదు" అని పట్టాభి తల పట్టుకున్నాడు.

గవర్రాజు ఆలోచించాడు. అతను ఆలోచించినప్పుడల్లా ఆ ఇంటికి ఏదో ఒకటి మూడేది. "బావా, లేదని ఏడవడం దేనికి? వండుదాం" అన్నాడు.

"ఏం వండుదాం?"

"చెత్త."

పట్టాభి లేచి బావమరిదిని కౌగలించుకున్నాడు. ఇంకేముంది, సుభద్రమ్మ తెల్లారకముందే లేచి స్నానం చేసి పొయ్యి వెలిగించింది. ప్రభుత్వం వారి డబ్బా, మొదటిరోజు, తేలిగ్గా తీసేస్తే బాగుండదని పులిహోర కలిపింది. వేరుశెనగపప్పులు దోరగా వేయించి పోపు పెట్టింది. తీపి లేకపోతే వెలితిగా ఉంటుందని పాయసం కూడా కాచింది. అన్నీ చల్లారకుండా ఆకుపచ్చ డబ్బాలో సర్ది, పైన కరివేపాకు చల్లి, డబ్బాని గుమ్మం ముందు పెట్టి ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

చెత్తబండి నూకాలమ్మ ఈల వేసుకుంటూ వచ్చి మూత తీసింది. వాసన గుప్పుమంది. ఆవిడ డబ్బాలోకి చూసింది, వీళ్ళ ముగ్గురి మొహాలూ చూసింది, మళ్ళీ డబ్బాలోకి చూసింది.

"ఏటి బాబూ ఇది?"

"చెత్త" అన్నాడు పట్టాభి వినయంగా.

"పులిహోర కదా!"

"పులిహోర చెత్త. అడుగున పాయసం చెత్త కూడా ఉంది. జీడిపప్పు వేయించి వేశాం. రుచి చూసి చెప్పండి, ఉప్పు సరిపోయిందో లేదో."

"నీకు మతి ఉందా బాబూ? మనిసి తినే తిండిని సెత్తలో పోత్తే కళ్ళు పోతాయి. తిని వొదిలేసింది ఇయ్యాల, తినకండా పోసింది కాదు" అని నూకాలమ్మ కసిరింది. ఆ పులిహోరని బండి దగ్గరున్న వాళ్ళందరికీ పంచి, తనూ రెండు దోసిళ్ళు తిని, మూతి తుడుచుకుని, పుస్తకంలో 'పట్టాభి మెస్: చెత్త ఇవ్వలేదు' అని రాసుకుంది. ఒకసారి అయింది.

"విన్నావా? తిని వదిలేసింది కావాలిట" అన్నాడు పట్టాభి.

"మనవాళ్ళు వదలరు కదా బావా."

"వదిలించాలి."

అంతే! ఆ మధ్యాహ్నం రామజోగి మాస్టారు భోజనానికి వచ్చారు. ఆయన పదిహేనేళ్ళుగా ఆ మెస్సులోనే తింటున్నారు. పప్పులో నెయ్యి వేసుకుని, ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చుకున్నారు. వెనకనుంచి గవర్రాజు చెయ్యి వచ్చి కంచం లాగేసుకుంది.

"ఒరేయ్! ఏమిట్రా ఇది?"

"మీరు వదిలేశారండి."

"నేనెక్కడ వదిలాను? నువ్వు లాక్కున్నావు!"

"మీరు గట్టిగా పట్టుకుని ఉంటే నేను లాగగలనాండీ? వదిలారు కాబట్టే వచ్చింది" అన్నాడు గవర్రాజు. పట్టాభి అక్కడే ఉండి తలూపాడు. "మాస్టారూ, చేతిలో ఆ ముద్ద కూడా ఇలా ఇచ్చేయండి, బండికి వేయాలి" అన్నాడు మర్యాదగా.

మాస్టారు ఆ ముద్దని పట్టాభి మొహాన కొట్టి వెళ్ళిపోయారు. ఇంకేముంది, రెండు పూటలు తిరిగేసరికి మెస్సుకి వచ్చేవాడు లేడు. తినేవాడు లేకపోతే వదిలేవాడూ లేడు. డబ్బా ఖాళీ. రేపు బండి వస్తుంది.

అప్పుడు సుభద్రమ్మకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇంట్లో కాఫీపొడి నిండుకుంటే ఏం చేస్తాం? గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. "వదినా, ఓ గిన్నెడు చెత్త ఉంటే పెడతావా? మాకు మిగలగానే తిరిగి ఇచ్చేస్తాను. మీకు ఏ కూరది కావాలంటే ఆ కూరదే ఇస్తాను" అంది.

పక్కింటావిడ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. గిన్నెడు కాదు, బిందెడు ఇచ్చింది. ఆ కబురు వీధంతా పాకింది. రోజూ పొద్దున్నే బండి కోసం కాచుకుని కూర్చునే బాధ తప్పిందని వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ తెచ్చి పట్టాభి అరుగు మీద కుమ్మరించారు. పట్టాభికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. "చూశారా, కష్టంలో ఉన్నామంటే ఊరు ఎలా ఆదుకుందో!" అన్నాడు. ఈగలు ఝుమ్మని మూగాయి. వాటిని కూడా తన అభిమానుల కిందే జమకట్టాడు.

మర్నాడు నూకాలమ్మ ఒక్కతే రాలేదు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ హైమావతి మేడమ్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ గుట్టని చూసి మండిపడింది.

"ఎవరి చెత్త వాళ్ళు ఇవ్వాలి! ఊరి చెత్తంతా మీ అరుగు మీదేమిటి? మీ వంటింట్లో కూరగాయల తొక్కలు, పాడైన ముక్కలు, కాఫీ పిప్పి, ఇవన్నీ ఏం చేస్తున్నారు?"

"గోడ మీంచి అవతల కాలవలోకి విసిరేస్తాం మేడమ్" అన్నాడు పట్టాభి.

"మరి అది చెత్త కాదా?"

"ఎంతమాట! అవి పారేసేవండీ" అన్నాడు పట్టాభి. ఇంత చదువుకున్న ఆవిడకి ఆ మాత్రం తేడా తెలియనందుకు లోపల్లోపల బాధపడ్డాడు.

హైమావతి మేడమ్ కళ్ళు మూసుకుని, పది అంకెలు లెక్కపెట్టుకుని, పుస్తకంలో రెండోసారి రాసేసింది. తర్వాత చెప్పింది, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి. "ఇకనుంచి మీరు బండికి ఇవ్వొద్దు. హోటలు వాళ్ళు ఎవరి ఎరువు వాళ్ళే చేసుకోవాలి. ఒక డ్రమ్ము ఇస్తాను. ఆ పారేసేవన్నీ, అర్థమైందా, ఆ పారేసేవే అందులో వేయండి. మెడ దాకా నిండాక ఇంకేమీ వేయకండి. మళ్ళీ వచ్చి చూస్తాను. ఎరువు కనబడితే సరే. లేకపోతే షట్టరు దించుతాను. చంటిపిల్లలా చూసుకోండి దాన్ని."

చివరి మాట అనకుండా ఉండవలసింది. ఆవిడకేం తెలుసు!

డ్రమ్ము పెరట్లోకి వచ్చింది. రోజూ తొక్కలూ పిప్పీ అందులోకే వెళ్ళాయి. కంచాలు లాక్కోవడం మానేశారు కాబట్టి తినేవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. మాస్టారు కూడా వచ్చారు, కాకపోతే ఎడమచేత్తో కంచం పట్టుకుని తినేవారు. అంతా చక్కబడేదే. కానీ సుభద్రమ్మ డ్రమ్ముకి రోజూ నువ్వులనూనె రాసి నలుగు పెట్టింది. బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. మధ్యాహ్నం వేళ గవర్రాజు దాని పక్కన చాప వేసుకుని జోలపాట పాడాడు. చలిగాలి తగులుతుందని రెండు దుప్పట్లు కప్పి తాడు కట్టారు. నాలుగు రోజుల్లో అది భరించలేని కంపు కొట్టింది.

"బిడ్డకి అజీర్తి చేసింది" అని పట్టాభి వాము నీళ్ళు పోశాడు.

ఆ కంపుకి నూకాలమ్మ పరిగెత్తుకొచ్చింది. "దుప్పట్లేటి బాబూ దీనికి! గాలి ఆడాల" అని తిట్టి, అవి లాగి పారేసి, ఎండుటాకులు కలిపి, మునిసిపాలిటీ తోటలోంచి తెచ్చిన పేడముద్ద ఒకటి అందులో వేసి కలియబెట్టింది. ఆ పేడముద్దలో పిడికెడు వానపాములు ఉన్నాయి. వీళ్ళకి చెబితే ఏం చేస్తారోనన్న భయంతో ఆవిడ ఆ మాట చెప్పలేదు. తెలివైన మనిషి. డ్రమ్ము వాసన తగ్గింది. కొన్నాళ్ళకి మెడ దాకా నిండింది. మేడమ్ చెప్పినట్టే వేయడం ఆపేసి, మూత పెట్టి, పట్టాభి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

నెల గడిచింది. రేపు హైమావతి మేడమ్ వస్తుందనగా పట్టాభి పొద్దున్నే మూత తీసి చూశాడు. చూసి కెవ్వున కేక వేశాడు. మెడ దాకా నింపిన డ్రమ్ములో సగానికి పైగా లేదు!

"దొంగలు పడ్డారే! మన చెత్త దోచుకుపోయారే!"

సుభద్రమ్మ గుండెలు బాదుకుంది. "నా చేత్తో తరిగిన బీరకాయ తొక్కలండీ! ఒక్కటీ కనబడటం లేదు! అరటికాయ తొక్కలన్నా మిగిల్చారా?"

"అవీ పోయాయే. వెధవలు, ఎండుటాకులు కూడా వదల్లేదు. బదులుగా ఏదో నల్లమట్టి పోసి పోయారు, మనం కనిపెట్టలేమని!"

అంతే! పట్టాభి చెప్పులు కూడా వేసుకోకుండా పోలీసు స్టేషనుకి పరిగెత్తాడు. అక్కడ హెడ్డు అప్పలస్వామి కాగితం తీసి, "ఏం పోయింది?" అన్నాడు.

"చెత్తండి. అర డ్రమ్ము పైగా పోయింది."

అప్పలస్వామి కలం కింద పెట్టాడు. "చెత్త పోతే మంచిదేగా?"

"మీ ఇంట్లో పోతే తెలిసేది! రేపు ఇన్‌స్పెక్టరమ్మకి ఏం చూపించను? మెస్సు మూసేస్తారు బాబూ, మేం ముగ్గురం రోడ్డున పడతాం" అని పట్టాభి భోరుమన్నాడు. ఆ ఏడుపులో మాత్రం అబద్ధం లేదు. అప్పలస్వామి మనసు కరిగింది. పిచ్చివాణ్ణి వదిలించుకోవాలని కూడా ఉంది.

"డ్రమ్ముకి తాళం ఉందా? ఎవరైనా బయటివాళ్ళు వచ్చారా? రాలేదా? అయితే ఇది లోపలివాళ్ళ పనే. వెళ్ళి లోపల వెతకండి."

ఇంటికొచ్చి డ్రమ్ము బోర్లించి, ముగ్గురూ చుట్టూ గొంతుక్కూర్చుని వెతికారు. ఇంకేముంది, నల్లమట్టిలోంచి ఎర్రగా, నున్నగా, బొద్దుగా వానపాములు బయటపడ్డాయి!

"బావా, చూశావా ఎలా బలిశారో! మన సొమ్ము తినే!" అన్నాడు గవర్రాజు.

"హెడ్డుగారు ఊరికే హెడ్డు అయ్యారా మరి! లోపలే ఉన్నారన్నారు, ఉన్నారు" అన్నాడు పట్టాభి.

ఒక్కొక్కదాన్నీ ఏరి, కాస్త మట్టితో సహా కుండలో వేసి, మూతికి గుడ్డతో వాసెన కట్టారు. ఎన్నున్నాయో లెక్కపెట్టబోయి మూడుసార్లు మూడు రకాలుగా వచ్చేసరికి మానేశారు. "చెత్త ఎక్కడ దాచారో చెప్పండి" అని గవర్రాజు కుండ దగ్గర చెవి పెట్టి సాయంత్రం దాకా అడిగాడు. "నోరు మెదపడం లేదు బావా, కరడుగట్టినవాళ్ళు" అన్నాడు. నల్లమట్టిని మళ్ళీ డ్రమ్ములో పోసి, పట్టాభి దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టాడు.

మర్నాడు హైమావతి మేడమ్ రాగానే పట్టాభి ఆవిడ కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ తప్పుకుని డ్రమ్ము మూత తీసింది. చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసింది. నలిపి చూసింది. వాసన చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఏమయ్యా! టౌనులో ఇంత మంచి ఎరువు ఎవరూ చేయలేదు. ఎలా చేశారు?"

"నేను చేయలేదు మేడమ్! దొంగలు చేశారు! సగం పైగా ఎత్తుకుపోయారు. కానీ పట్టుకున్నాం" అని పట్టాభి కుండ తెచ్చి వాసెన విప్పాడు.

మేడమ్ కుండలోకి చూసింది. తర్వాత అరుగు మీద కూలబడి, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వింది. "చెత్త ఎరువైతే కుంగి సగమైపోతుందయ్యా. ఎవరూ ఎత్తుకుపోలేదు. వీళ్ళు దొంగలు కాదు, మీ పనివాళ్ళు. మీ ముగ్గురికన్నా వీళ్ళే నయం. జీతం లేదు, బత్తెం లేదు, నెలరోజులు వంచిన నడుం ఎత్తకుండా పనిచేసి మీ మెస్సు నిలబెట్టారు. వీళ్ళ కాళ్ళకి దండం పెట్టుకోండి!" అంది. "ఇక మీకు భయం లేదు. రేపు మధ్యాహ్నం మా కమిషనర్ గారినీ స్టాఫునీ ఇక్కడికే భోజనానికి తీసుకొస్తాను. మీ మెస్సుని అందరికీ చూపించాలి" అని చెప్పి వెళ్ళింది.

మెస్సు నిలబడింది! ముగ్గురూ ఎగిరి గంతేయాలి కదా? వేయలేదు. ముందు వానపాముల కాళ్ళు ఎక్కడున్నాయో వెతికారు. దొరకలేదు. అంత పనిచేసి కాళ్ళు అరిగిపోయాయని అనుకున్నారు. సుభద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఏవండీ, పనివాళ్ళండీ! నెలరోజులు మనింట్లో గొడ్డుచాకిరీ చేశారు. వాళ్ళకి ఒక్కపూట ఇంత అన్నం పెట్టామా? తొక్కలు తిని బతికారు. పైగా దొంగలని కుండలో పెట్టాం. ఆ పాపం ఊరికే పోతుందా?"

"నేను నిన్న నానా మాటలూ అన్నాను బావా" అని గవర్రాజు కూడా ముక్కు చీదాడు.

పట్టాభికి గుండె బరువెక్కింది. మెస్సు నడిపేవాడు పనివాడికి అన్నం పెట్టలేదంటే అంతకన్నా తలవంపులు ఏముంది? "ఏడవకండి. రేపు పెద్దలు వస్తున్నారు. వాళ్ళ కళ్ళెదుటే మనవాళ్ళకి మర్యాద చేద్దాం" అన్నాడు.

మర్నాడు సుభద్రమ్మ తన జీవితంలోకెల్లా గొప్ప వంట చేసింది. సరిగ్గా పన్నెండున్నరకి జీపు ఆగింది. కమిషనర్ గారు, హైమావతి మేడమ్, వెనక పదిమంది స్టాఫు దిగారు. లోపలినుంచి నేతి వాసన వస్తోంది. అందరికీ నోరూరింది. పట్టాభి కొత్త పంచె కట్టుకుని షట్టరు కింద రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"క్షమించాలి. ఒక్క పది నిమిషాలు ఈ బెంచీల మీద కూర్చోండి. మొదటి బంతి నడుస్తోంది. మీది రెండో బంతి."

"ఫరవాలేదు, బేరం బాగానే ఉందన్నమాట" అని కమిషనర్ గారు మెచ్చుకున్నారు. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. లోపల ఒక్క మాటా వినబడటం లేదు. సుభద్రమ్మ గొంతు మాత్రం బుజ్జగిస్తోంది. "మొహమాటపడకండి. కారం ఎక్కువైందా నాయనా? ఇంకాస్త నెయ్యి వేయనా?"

"ఎవరయ్యా లోపల?" అన్నారు కమిషనర్ గారు ఆకలికి ఆగలేక.

"మా పనివాళ్ళండి. కాస్త నెమ్మదిగా తింటారు."

కమిషనర్ గారు పట్టాభి భుజం మీంచి లోపలికి తొంగిచూశారు. బల్లల నిండా వరసగా స్టీలు కంచాలు. ప్రతి కంచంలో అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, అప్పడం. ప్రతి కంచంలో ఒక్కో వానపాము. ఒకటి పప్పులో పొర్లుతోంది. ఒకటి అప్పడం ఎక్కింది. ఒకటి కంచం దిగి పక్క కంచంలోకి పోతోంటే గవర్రాజు దాన్ని వేలితో వెనక్కి తోస్తూ, "మీ కంచంలో మీకుంది కదండీ" అంటున్నాడు.

"రెండో బంతి కూడా ఈ కంచాల్లోనేనా?" అని కమిషనర్ గారు చాలా మెల్లిగా అడిగారు.

"కంచాలు తక్కువండి. వాళ్ళు లేవగానే తుడిచి మీకు పెట్టేస్తాం" అన్నాడు పట్టాభి.

కమిషనర్ గారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని జీపు వైపు పరిగెత్తారు. స్టాఫంతా ఆయన వెనకే పరిగెత్తింది. హైమావతి మేడమ్ మొహం ఎర్రబడింది. పుస్తకం తీసి మూడోది రాసింది. సుభద్రమ్మనీ గవర్రాజునీ చెయ్యి పట్టుకుని బయటికి లాగి, రెండు చేతులతో షట్టరు పట్టుకుని కిందికి గుంజింది.

పట్టాభి గోలగోలగా అడ్డం పడ్డాడు. "అయ్యయ్యో, ఇదేం అన్యాయం మేడమ్! షట్టరు దించకండి! లోపల వాళ్ళు ఇంకా పెరుగులోకి రానేలేదు!"